సోలార్ పెట్టలేకపోయాం, ఉక్కు రేకు వృథా తగ్గిస్తున్నాం

అందరికీ నమస్కారం. పోయిన సంక్రాంతికి మీకు రాసినప్పుడు, ఏడాది తిరిగేలోపు, మీ కరెంటు ప్యానెల్ బాక్సులు (బ్రేకర్లు, వైరింగ్ పెట్టే ఉక్కు రేకు పెట్టెలు) తయారుచేసే మన బాలానగర్ షెడ్డు మీద సోలార్ ప్యానెళ్లు పెడతామని చెప్పాను. పెట్టలేదు. షెడ్డు అద్దెది, పైకప్పు పాత సిమెంటు రేకులు. మనిషి కాలు పెడితేనే పగిలేలా ఉన్నాయి, ఇక ప్యానెళ్ల బరువేం మోస్తాయి? కప్పు మార్చే ఖర్చు యజమాని పెట్టుకోనన్నారు, మా వల్లా కాదు. ఇవన్నీ చూసుకున్నాకే మీకు మాట ఇవ్వాల్సింది. క్షమించండి.

ఊరికే మాత్రం కూర్చోలేదు. ఒక ఆదివారం మెషీన్లన్నీ ఆపేసి, వాటికి ఒత్తిడితో గాలి అందించే కంప్రెషర్ ఒక్కటే ఆన్‌లో ఉంచాం. గాలి వాడేవాళ్లు ఎవరూ లేరు, అయినా అది కొన్ని నిమిషాలకోసారి మళ్లీ గాలి నింపుతూనే ఉంది. సబ్బు నీళ్లు పట్టుకుని లైనంతా తిరిగితే పదకొండు చోట్ల బుడగలు వచ్చాయి, అంటే గాలి లీకులు. ఎక్కువ హోస్ క్లిప్పుల దగ్గరే. అవన్నీ బిగించాక 8 బార్ (గాలి ఒత్తిడి కొలత) మీద నడిపే ప్రెషర్‌ను 6.5కి దించాం. ఒక బార్ తగ్గితే కంప్రెషర్ కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది. ఖర్చు కొత్త క్లిప్పులు, రెండు హోసులు, అంతే.

బాక్సులకు పట్టించిన పొడి రంగును వేడితో అతికించే పౌడర్ కోటింగ్ ఓవెన్‌ను ఇప్పుడు వారానికి నాలుగు రోజులే వెలిగిస్తున్నాం, ఒకే రంగు బాక్సులన్నీ కలిపి వేస్తున్నాం. అందుకే అరుదైన రంగులు అడిగినవాళ్లకు ఒకటి రెండు రోజులు ఆలస్యం అవుతోంది.

అసలు సంగతి వేరే ఉందని ఈ మధ్యే తెలిసింది. ఒక్కో ప్యానెల్ బాక్సుకు ఎంత కార్బన్ అవుతుందో రాయమని మీలో ఒకరు ఫారం పంపారు. లెక్క వేస్తూ కూర్చుంటే, ఇన్నాళ్లూ నేను కరెంటు బిల్లు చూసి పడిన టెన్షన్ అంతా చిన్న ముక్క గురించేనని అర్థమైంది. పెద్ద భాగం బాక్సులు చేసే ఉక్కు రేకులో ఉంది. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ (తక్కువ కార్బన్‌తో చేసిన ఉక్కు) అనడానికి పెట్టిన హద్దే టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లోపు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే గ్రీన్ స్టీల్ అనిపించుకునే రేకు అయినా ఒక టన్ను మూడు వేల యూనిట్లకు సమానం కావచ్చు. మా షెడ్డు మొత్తం నెలకు వాడేది దాదాపు 2,500! కోతలో మిగిలిన రేకు తుక్కు అమ్మితే మళ్లీ కరుగుతుంది, నిజమే. కానీ కరిగించడానికీ, మళ్లీ రేకు చేయడానికీ మళ్లీ కరెంటు కావాలి.

ఇక్కడ మీ సాయం కావాలి. రేకు వెడల్పు 1,250 మిల్లీమీటర్లు. విప్పిన కొలత (మడతలు పెట్టకముందు రేకు వెడల్పు) 640 ఉన్న బాక్సుకు ఒక వరుసే పడుతుంది, పక్కన 610 పట్టీ మిగిలిపోతుంది. అదే 620 అయితే రెండు వరుసలు వస్తాయి. బాక్సు లోతు పది మిల్లీమీటర్లు తగ్గితే చాలు, రెండు పక్కలా కలిపి ఇరవై మిల్లీమీటర్లు కలిసొస్తాయి. లోపల బ్రేకర్లు, వైరింగ్ పట్టే చోట ఆ పది అవసరమో కాదో మీకే తెలుస్తుంది.

అందుకని ఇకమీదట డ్రాయింగ్ పంపేటప్పుడు, అస్సలు మార్చకూడని కొలతల పక్కన గుర్తు పెట్టండి. మిగతావి మేం రేకుకు సర్ది మీకు తిరిగి పంపుతాం. మీరు సరే అన్నాకే కోత మొదలుపెడతాం.