చిన్నీ, మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి

చిన్నీ,

మొన్న అడిగావు కదా, అమ్మా అసలు నువ్వు ఫ్యామిలీ థెరపీలోకే ఎందుకెళ్ళావు, మిగతా కౌన్సిలింగ్‌కీ దానికీ తేడా ఏంటి అని. ఏదో చదువు సంగతి చెప్పి దాటేశా. రాత్రి పడుకున్నాక మనసొప్పలేదు, నీకు అసలు సంగతే చెప్పాలనిపించింది, అందుకే రాస్తున్నా, కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదువు.

నా చిన్నప్పుడు అమ్మమ్మా తాతయ్యా నెలల తరబడి మాట్లాడుకునేవాళ్ళు కాదు. మీ నాన్నకి చెప్పు, మీ అమ్మనడుగు, అన్నీ నా ద్వారానే. తొమ్మిదేళ్ళ పిల్లని, ఇటు మాట అటు మోసేటప్పుడు అందులో కోపం తీసేసి చెప్పేదాన్ని, ఎవరూ బాధపడకుండా. ఆ రోజుల్లో నాకు ఎప్పుడూ కడుపునొప్పే, ఎన్ని టెస్టులు చేసినా డాక్టర్లకి ఏమీ దొరకలేదు, కానీ నాకు నొప్పొచ్చిన రోజు మాత్రం వాళ్ళిద్దరూ మంచం పక్కన నిలబడి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. అది నాటకం కాదమ్మా, నిజంగానే నొప్పి. దానికీ దీనికీ సంబంధం ఉందని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

తెలిసింది క్లాసులో. మర్రే బోవెన్ అని అమెరికా సైకియాట్రిస్ట్, 1954లో మొదలుపెట్టి స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటివి ఉండే మానసిక జబ్బు, అది ఉన్న పేషెంట్లతో పాటు వాళ్ళ తల్లుల్ని, తర్వాత మొత్తం కుటుంబాల్నే రీసెర్చ్ వార్డులో ఉంచి గమనించాడు. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంత అయితే మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు అన్నాడాయన, దానికి ట్రయాంగిల్ అని పేరు పెట్టాడు. మేడమ్ బోర్డు మీద మూడు గీతలు గీసి కింద పిల్ల అని రాస్తే నాకు అక్కడే కళ్ళనీళ్ళొచ్చేశాయి, ఆ రోజే అనుకున్నా ఇదే నా పని అని.

ఇప్పుడు ఎలా చేస్తానో చెప్తా, ఎవరింటి సంగతీ చెప్పను, అది నీకు తెలుసు. సాధారణంగా ఒక పిల్లాణ్ణో పిల్లనో తీసుకొచ్చి వీణ్ణి బాగుచెయ్యండి అంటారు. నేను అందర్నీ రమ్మంటా. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, తల్లిని అడిగితే ఎవరు జవాబు చెప్తున్నారో చూస్తా. తర్వాత మూడు తరాల బొమ్మ గీస్తాం, జెనోగ్రామ్ అంటారు, మగవాళ్ళకి చతురస్రం ఆడవాళ్ళకి గుండ్రం, గొడవలున్న చోట వంకరటింకర గీత, ఆ కాగితం మీద అత్తగారికీ తన తల్లికీ ఒకేలాంటి గీత కనిపించినప్పుడు గదిలో వాళ్ళు ఒక్కసారిగా సైలెంట్ అయిపోతారు. నీకెందుకు కోపం అని ఎవర్నీ అడగను, అమ్మ ఏడిస్తే నాన్న ఏం చేస్తారు, అప్పుడు తమ్ముడెక్కడుంటాడు అని మూడో మనిషిని అడుగుతా. ఇది ఇటలీలోని మిలాన్ ఊళ్ళో ఫ్యామిలీ థెరపిస్టుల టీమ్ వాళ్ళ పద్ధతి, నాకు దీన్ని మించిన పనిముట్టు లేదు.

అందర్నీ కలిపి కూర్చోబెట్టడమే మంచిదని మాత్రం అనుకోకు. ఇంట్లో కొట్టడం ఉందంటే కలిపి కూర్చోబెట్టను, ముందు విడిగా మాట్లాడతా, ఆ మనిషి క్షేమం చూస్తా. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతా, అడిగితే ఆ ఆలోచన వస్తుందేమో అని అందరికీ భయం, అలా రాదు, అడిగేవాళ్ళు దొరికారని ఊపిరి పీల్చుకున్నవాళ్ళనే ఎక్కువ చూశా. మందులు నేను రాయను, అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తా, నా దగ్గరికొస్తున్నాం కదా అని మాత్రలు మానేస్తే ఒప్పుకోను.

ఇంకోటి, మా ఫీల్డ్ చేసిన పెద్ద తప్పు కూడా నీకు తెలియాలి. 1940ల చివర్లో, 50ల్లో స్కిజోఫ్రెనియాకి తల్లి పెంపకమే కారణం అని నిపుణులే రాశారు, దానికో పేరు కూడా పెట్టారు. అది తప్పు. అసలే పిల్లాడి జబ్బుతో నలిగిపోతున్న తల్లుల్లో ఎంత మందితో ఆ నింద మోయించారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది. అదే 50ల్లో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి కుటుంబాల్ని పేషెంట్లతో పాటే ఉండమన్నారు, దోషులుగా కాదు, చూసుకునేవాళ్ళుగా. నేను పట్టుకున్న దారి ఆయనది.

ఇక అసలు విషయం. నీకు పదిహేనేళ్ళప్పుడు, నాన్నకీ నాకూ డబ్బు దగ్గర మాటలు ఆగిపోయిన ఏడాది, నువ్వు చెప్తే నాన్న వింటారు అని నిన్నే పంపేదాన్ని. నువ్వు గోళ్ళు రక్తమొచ్చేలా కొరుక్కునేదానివి, పరీక్షల టెన్షన్ అనుకున్నా. రోజంతా వేరేవాళ్ళ ఇళ్ళల్లో అదే వెతికే దాన్ని, మనింట్లో చూడలేకపోయా. సారీ రా కన్నా. నువ్వు క్షమించాలని రాయట్లేదు, అది నీ తప్పు కాదని, నీ పని కూడా కాదని నీకు తెలియాలి.

మొన్న ఫోన్‌లో కూడా నాన్న బీపీ మాత్రల గురించి నువ్వొకసారి చెప్పవే అనబోయి మధ్యలో ఆపేశా, గుర్తుందా. ఫోన్ పెట్టేసి నేనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నా. గంట పట్టింది, మధ్యలో ఆయన లేచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు కూడా. ఇప్పుడు వేసుకుంటున్నారు. దాని గురించి నువ్వు ఆయన్నేమీ అడగక్కర్లేదు.

అమ్మ