మునిగుడ మావుసికి వందనాలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. నిన్న సాయంత్రం మా బాబుని విశాఖ ఆసుపత్రి నుంచి రాయగడలో మా ఇంటికి తీసుకొచ్చాం. 9 రోజుల తర్వాత వాడు తన మంచం మీద పడుకున్నాడు. నాకే నిద్ర పట్టడం లేదు. పది నిమిషాలకోసారి లేచి వాడి నుదురు తాకి చూస్తున్నాను. ఎలాగూ మెలకువగానే ఉన్నాను కదా అని ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఫోన్ చేసినవాళ్లెవరితోనూ నేను సరిగా మాట్లాడలేకపోయాను. జరిగింది ఇదీ. బాబుకి మూడు రోజులు జ్వరం వచ్చింది. వైరల్ అనుకుని మాత్రలు వేశాం. రెండో రోజు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే మలేరియా పరీక్ష కిట్లు అయిపోయాయి, రేపు రండి అన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పిలిస్తే పలకలేదు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా, మెదడుకి ఎక్కింది అన్నారు. ఇక్కడ ఒక ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే విశాఖ తీసుకెళ్లమన్నారు.

మా ఆయన, మా అన్నయ్య, అమ్మ, అత్తయ్య, అందరూ తలో చేయి వేశారు. వాళ్ల గురించి వేరే చెప్పాలా.

నేను చెప్పాల్సింది మావుసి గురించి. ఐసీయూ బయట వరండాలో మా పక్కన చాప వేసుకున్న పెద్దావిడ. మునిగుడ వైపు కొండ పల్లె నుంచి భర్తను తీసుకొచ్చింది. ఒడియా, అక్కడి కొండవాళ్ల భాష కువి మాట్లాడుతుంది. తెలుగు సంతలో నేర్చుకున్నంత వచ్చు. అందరూ మావుసి, అంటే ఒడియాలో పిన్ని, అంటుంటే నేనూ అలాగే పిలిచాను. పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

మొదటి రాత్రి డాక్టర్ గారు 48 గంటలు ఏమీ చెప్పలేం అన్నారు. షుగర్ కూడా పడిపోతోంది, ఆర్టెసునేట్ అనే మలేరియా మందు పని చేయాలి, చూద్దాం అన్నారు. నేను పుట్టినప్పటి నుంచీ క్రైస్తవ సంఘంలో పెరిగినదాన్ని. 1882లో జర్మనీ నుంచి కోరాపుట్ వచ్చిన బ్రెక్లుం మిషనరీల కాలం గురించి మా తాత కథలు కథలుగా చెప్పేవాడు. సండే స్కూల్లో నేనే పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టించాను. ఆ రాత్రి మాత్రం ఒక్క మాట నోటికి రాలేదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే బేరాలే వచ్చాయి. వాణ్ణి ఇస్తే ఇది చేస్తాను, అది మానేస్తాను అని. చివరికి అదీ ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

ఫిట్స్ వచ్చినప్పుడు బాబు బట్టలన్నీ పాడైపోయాయి. వాటిని ఒక కవర్లో కుక్కి నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. వాసన వస్తోందని తెలుసు. లేచి ఉతికే శక్తి లేదు. అర్ధరాత్రి దాటాక చూస్తే కవరు లేదు. వరండా చివర కొళాయి దగ్గర మావుసి కింద కూర్చుని నా కొడుకు బట్టలు ఉతుకుతోంది. తన సబ్బుతో. నేను పరుగెత్తి లాక్కోబోయాను. చేయి అడ్డం పెట్టి, "నువ్వు కూర్చో, ఇది నా పని" అంది. పిండి రెయిలింగ్ మీద ఆరేసింది. ఆ చొక్కా, ఆ నిక్కరు వరుసగా వేలాడుతుంటే అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. ఎంత ఏడ్చానో తెలియదు. ఆవిడ నన్ను ఆపలేదు. యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎన్నిసార్లో విన్నాను. ఆ రాత్రే కళ్లతో చూశాను.

తర్వాత నా చేయి పట్టుకుని "డర నాహి, ప్రభు అఛంతి" అంది. భయం వద్దు, ప్రభువు ఉన్నాడు అని. నాకు కోపం వచ్చింది. "నాకు భయంగానే ఉంది మావుసీ, విశ్వాసం లేదేమో" అన్నాను. ఆవిడకు చదువు రాదు. దావీదు రాజుకీ భయం వేసింది, భయం వేసినప్పుడే దేవుడి దగ్గరికి పరుగెత్తాడు అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, 56వ కీర్తన. గాతు పట్టణంలో శత్రువులైన ఫిలిష్తీయులు పట్టుకున్నప్పుడు దావీదు పాడినది. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." పిల్లలకు నేనే నేర్పిన వాక్యం! భయం రాకపోతే అని లేదు అందులో. భయం వచ్చిన రోజున అని ఉంది. మన కన్నీళ్లు దేవుడు బుడ్డిలో ఉంచుకుంటాడన్న మాట కూడా ఆ కీర్తనలోదే.

ఇద్దరం మెల్లగా ప్రార్థన చేశాం. ఆవిడ కువిలో, నేను తెలుగులో. అప్పటికి బాబు పరిస్థితి ఏమీ మారలేదు. అయినా గుండె దడ తగ్గింది. బేరమాడటం మానేశాను. వాడు నా చేతుల్లో లేడు, ఆయన చేతుల్లో ఉన్నాడు అనిపించింది. కాసేపు నిద్ర కూడా పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం వాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

అంతకు ముందు రోజే మావుసి భర్తను డిశ్చార్జ్ చేశారు. ఊరివాళ్ల జీపు సిద్ధంగా ఉంది. ఆవిడ భర్తను పంపించి తను ఒక రాత్రి నా కోసం ఉండిపోయింది. వాడు నీళ్లు తాగడం చూసి, నా నెత్తి మీద చేయి పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ తువ్వాలు నా దగ్గరే ఉంది. ఉతికి పెట్టాను. మునిగుడ సంతకు వెళ్లేవాళ్లెవరైనా ఆవిడను గుర్తుపడితే దయచేసి నాకు చెప్పండి.

ఒక్క మాట మాత్రం బాధగా ఉంది. ఆ తెల్లవారుజామున అంబులెన్స్ ఆంధ్ర సరిహద్దులో కూనేరు దగ్గరే ఆపి, మేం అవతలికి వెళ్లకూడదు అన్నారు. స్పృహ లేని పిల్లాణ్ణి రోడ్డు పక్కన ఇంకో బండిలోకి మార్చుకున్నాం. విశాఖ ఆసుపత్రికి వెళ్తే మీ హెల్త్ కార్డు సిస్టంలో తీసుకోవడం లేదు, మీరు ఒడిశావాళ్లు అన్నారు. ఇక్కడేమో తెలుగువాళ్లు అంటారు. దోమకు లేని సరిహద్దు వైద్యానికి ఎందుకు? ఆ రెండో రోజు కిట్ ఉండి ఉంటే బాబు అక్కడిదాకా వెళ్లేవాడు కాదు. దయచేసి మీ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు రక్తం చూపించండి. ఒక చోట లేదంటే ఇంకో చోటికి వెళ్లండి. ప్రార్థన చేస్తూనే వెళ్లండి.

రాత్రంతా ఉపవాసంతో ప్రార్థించిన మా సంఘానికి, పాస్టరు గారికి వందనాలు. నైట్ డ్యూటీ సిస్టర్ గారికి కూడా, గాజు తలుపులోంచి నాకు వాడి చేయి ఊపి చూపించారు. రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ అబ్బాయిలకు. కూనేరు దగ్గర బండి ఇచ్చిన డ్రైవర్ తమ్ముడికి, డీజిల్ డబ్బులే తీసుకున్నాడు. బాబు క్లాస్ టీచర్ గారికి. అయ్యో, 9 రోజులు మా కోళ్లకు మేత వేసి తలుపు తాళం చూసుకున్న పక్కింటి అక్క, నిన్ను మర్చిపోయాను, ఏమనుకోకు. రేపు పొద్దున వస్తాను.

బాబు లేచాడు. అన్నం అడుగుతున్నాడు.