వెబ్ ఆప్షన్లలో మొదటి పేరు నువ్వే రాయాలి

చిన్నీ,

ఇంట్లో నీ కాలేజీ విషయం ఎత్తితే చాలు, రెండు మాటలు పూర్తి కాకముందే ఎవరో ఒకరు అందుకుంటున్నారు. మీ పెద్దనాన్న ఒకటంటారు, పై వాటా ఆంటీ ఇంకొకటంటుంది, మధ్యలో కాలేజీల వాళ్ళ ఫోన్లు. వారం నుంచి నువ్వు అసలు మాట్లాడటమే మానేశావు. అందుకే కాగితం మీద రాసి నీ టేబుల్ మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు. ఒప్పుకోలేని మాట ఏదైనా ఉంటే దాని కింద గీత గీసి నాకు చూపించు.

ముందు అసలు సంగతి. ఇంజినీరింగ్ సీటు కోసం ఆన్‌లైన్లో కాలేజీల పేర్లు వరుసగా పెడతాం కదా, ఆ ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లలో మొదటి పేరు ఏదో నువ్వే చెప్పాలి. ఆ తర్వాతవి కూడా నువ్వు కోరుకున్న వరుసలోనే ఉండాలి. "వచ్చేవి పైన పెట్టుకోవాలి, రానివి ముందు పెడితే ఉన్నదీ పోతుంది" అంటున్నారు పెద్దనాన్న. సీట్లిచ్చే పద్ధతి అలా ఉండదు. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ నీ లిస్టును పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదటి కాలేజీలో నీకు సీటు ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఒక కాలేజీని నువ్వు నలభయ్యో నంబరులో రాసినా, ఇంకో పిల్ల మొదటి నంబరులో రాసినా అక్కడ చూసేది ర్యాంకే. కాబట్టి రాదేమో అన్న భయంతో ఇష్టమైన కాలేజీని కిందికి నెట్టకు.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. చేరడం ఇష్టం లేని కాలేజీని లిస్టు నిండాలని పెట్టొద్దు. మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతకి వెళ్తే, చేతిలో ఉన్నదాని కన్నా నీకు నచ్చినవి మాత్రమే పెట్టు. కొత్తది వచ్చిందంటే పాతది పోయినట్టే, మళ్ళీ అడిగినా ఇవ్వరు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పకు. "మేమే ఆప్షన్లు పెట్టేస్తాం మేడమ్, మీకెందుకు టెన్షన్" అని నాకూ ఫోన్లు వచ్చాయి. వాళ్ళు పెట్టేవి వాళ్ళ కాలేజీలే. ఇంట్లోనే, మన కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వే పెడతావు. నేను పక్కన కూర్చుని కోడ్‌లు చదువుతాను, అంతవరకే.

నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఉంది. ఆఫీసు కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను, నీ బీరువా పైన ఉంది. బీసీ-డీ అమ్మాయిల వరుసకి పసుపు రంగు పూశాను. అది నిరుటి లెక్క, ఈ ఏడాది అటూ ఇటూ అవుతుంది. మనకి ఏవి అందుబాటులో ఉన్నాయో ఒక అంచనా వస్తుంది, అంతే.

డబ్బు సంగతి కూడా నీకు తెలియాలి. దాచిపెడితే నువ్వు లేనిపోనివి ఊహించుకుంటావు. బీసీ పిల్లలకి పది వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుంది. ఆ పైన వస్తే 35,000 రూపాయల దాకా ఇస్తుంది. నీ ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి మిగతాది మనమే కట్టాలి. నేనూ నాన్నా కూర్చుని లెక్క వేసుకున్నాం, కన్వీనర్ కోటాలో, అంటే ఈ కౌన్సెలింగ్‌లో, ఏ కాలేజీ వచ్చినా కట్టగలం. మేనేజ్‌మెంట్ కోటా వైపు మాత్రం వెళ్ళం. ప్రైవేటు కాలేజీల్లో 30 శాతం సీట్లు అలా పోతాయి, అందులో ఒకటి కొనడానికి అప్పు చేయడం నాకు ఇష్టం లేదు.

ఇక కాలేజీని ఎలా చూడాలి అన్నది. మొన్న మా ఆఫీసు ఆవిడతో కలిసి ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీకి వెళ్ళాను, వాళ్ళబ్బాయి కోసం. గేటు దగ్గర ఇరవై లక్షల ప్యాకేజీ వచ్చిన పిల్లల ఫొటోలు, లోపల ఏసీ రిసెప్షన్. ల్యాబ్ చూపించమంటే కాసేపు తటపటాయించి తాళం తీశారు. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉన్నాయి. వేలితో ఒక కవరు ఎత్తితే దుమ్ము అచ్చు పడింది. సెమిస్టర్ నడుస్తున్న రోజులవి. బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర ఒక మూడో ఏడాది అమ్మాయిని పలకరించాను. "సెమ్ మధ్యలో మా మ్యాథ్స్ సార్ వెళ్ళిపోయారు ఆంటీ, యూనిట్లు మేమే పంచుకుని యూట్యూబ్‌లో చూసుకున్నాం" అంది. ఆ పిల్ల చెప్పిన రెండు ముక్కల్లో నాకు కావలసింది దొరికింది.

నువ్వూ అలాగే వెళ్ళి చూడాలి. పాఠం చెప్పే సార్లు ఎన్నేళ్ళుగా అక్కడ ఉన్నారో అడుగు. లైబ్రరీ ఎన్నింటిదాకా తీసి ఉంటుందో అడుగు. ఎన్‌బీఏ గుర్తింపు ఉందంటే ఏ బ్రాంచికి ఉందో అడుగు, అది బ్రాంచికి విడిగా ఇస్తారు. న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానిది. హోర్డింగు మీద రెండూ కలిపేసి రాస్తారు. ఇరవై లక్షల ప్యాకేజీ ఒక్కరికి వచ్చిందా, క్లాసులో సగానికి సగం మందికి ఎంత వచ్చింది అని కూడా అడుగు. నా అభిప్రాయం అడిగితే, సీఎస్ఎం, సీఎస్‌డీ అని ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీల కొత్త కోడ్ చూసి ముక్కూమొహం తెలియని కాలేజీకి పోవడం కన్నా, మంచి లెక్చరర్లు నిలబడి ఉన్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదవడం మేలు. పెద్దనాన్న దీనికి ఒప్పుకోరు, నాకు తెలుసు.

ఇప్పుడు నువ్వు ఎవరి ముందూ ఎత్తని మాట ఎత్తుతున్నాను. నీకు ఫిజిక్స్ చదవాలని ఉంది. దోస్త్‌లో రెండు వందలు కట్టి డిగ్రీ సీటుకి రిజిస్టర్ చేసుకున్న మెసేజ్ నా ఫోనుకే వచ్చింది, తిట్టడానికి చెప్పట్లేదు. బిర్లా ప్లానెటోరియంలో షో అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవని పిల్లవి నువ్వు. బీఎస్సీ అంటే ఇంజినీరింగ్ రానివాళ్ళు చదివేది అని చుట్టాలు అంటే అననీ. నిజాం కాలేజీ 1887 నుంచి ఉంది. ఉస్మానియాలో ఖగోళశాస్త్రానికి విడిగా ఒక డిపార్టుమెంటే ఉంది. వాళ్ళ అబ్జర్వేటరీ జాపాల్-రంగాపూర్‌లో ఉంది, 48 అంగుళాల టెలిస్కోపు 1968లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి నుంచే చూశారు శాస్త్రవేత్తలు. ఆ టెలిస్కోపు మన ఇంటి నుంచి ఒక పూటలో వెళ్ళిరాగలిగినంత దూరంలో ఉంది, ఇన్నేళ్ళూ ఒక్కసారీ తీసుకెళ్ళలేదు.

కానీ ఆ దారి ఎలా ఉంటుందో తెలుసుకుని దిగు. మూడేళ్ళ డిగ్రీతో ఆగితే లాభం లేదు. తర్వాత ఎమ్మెస్సీ చేయాలి, దానికి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, జామ్ అనే ఎంట్రన్స్ రాస్తే ఐఐటీలు ఉన్నాయి. ఆపైన పీహెచ్‌డీ. నీ స్నేహితురాళ్ళు జీతం తెచ్చుకుంటున్న రోజుల్లో నువ్వు ఇంకా చదువుతూ ఉంటావు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనకుండా చూసుకునే పూచీ నాది. ఇంజినీరింగే కావాలనుకుంటే దానికీ నేను అంతే సంతోషిస్తాను. భయపడి మాత్రం ఏదీ ఎంచుకోకు తల్లీ.

"ఆడపిల్ల, దగ్గర్లో ఏదుంటే అది చాలు" అన్న మాట నీ లిస్టులోకి రాకూడదు. ఉప్పల్ నుంచి గండిపేట అంటే ఊరు ఆ చివరిదాకా పోవాలి, నిజమే. బస్సులో పోతే టికెట్ ఎలాగూ లేదు, ఆడవాళ్ళకి మహాలక్ష్మి పథకం ఉంది. పోయేది సమయం. నేను కోఠి విమెన్స్ కాలేజీలో చదివినన్నాళ్ళూ బస్సులో నిలబడే వెళ్ళాను. ఆ పాత రెసిడెన్సీ భవనం మెట్ల మీద కూర్చుని చదువుకుంటే మా ఇంట్లో చదివినట్టు ఉండేది కాదు, నల్గొండ నుంచీ పాలమూరు నుంచీ వచ్చిన పిల్లల పక్కన నా బుర్ర వేరేగా తెరుచుకుంది. ఇంటికి దగ్గర అన్న ఒక్క లెక్కతో ఎంచుకుని ఉంటే నాకు అది దొరికేది కాదు. దూరం నీకు అలుపనిపిస్తే అది నీ కారణం, దాన్ని లెక్కలోకి తీసుకుందాం.

నాన్న ఒప్పుకుంటారా అని నీ బెంగ. ఆయనకి ఉన్నది ఒకటే భయం, నీకు ఉద్యోగం రాకపోతే ఎలా అని. కోపం కాదది. నువ్వు ఎదురుగా కూర్చుని దారి మొత్తం చెప్తే వింటారు. నేనూ పక్కనే ఉంటాను.

శనివారం సెలవు పెట్టాను. పొద్దున బషీర్‌బాగ్ వెళ్ళి నిజాం కాలేజీ ఫిజిక్స్ డిపార్టుమెంటులో ఎవరైనా ఉంటే మాట్లాడదాం, మధ్యాహ్నం నువ్వు టిక్ పెట్టిన ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి చూద్దాం. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ ఆకుపచ్చ ఫైల్లో ఉన్నాయి. ఆదాయం సర్టిఫికెట్ ఈ ఏడాది జనవరి ఒకటి నుంచి ఇచ్చినదే కావాలి, మీసేవలో నిన్ననే దరఖాస్తు పెట్టాను. ఆదివారం రాత్రికి నీ వరుస ఒక కాగితం మీద రాసి ఇవ్వు. కొట్టివేతలున్నా ఫర్వాలేదు.

మీ అమ్మ