ఆపరేషన్ అయ్యాక రోగిని ఎవరు చూసుకోవాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక, ఒకప్పుడు ఉస్మానియాకో గాంధీకో పరుగెత్తవలసి వచ్చిన ఆపరేషన్లు అనేకం మన దగ్గరే జరుగుతున్నాయి. ఆరోగ్యశ్రీని 2007లో తొలి విడతగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. డబ్బు గురించి, డాక్టర్ల కొరత గురించి, భవనాల గురించి చర్చ జరుగుతూనే ఉంది. థియేటర్ నుంచి స్ట్రెచర్ మీద వార్డుకు తెచ్చిన మనిషిని తరువాతి మూడు నాలుగు రోజులు ఎవరు, ఎలా చూసుకుంటున్నారని మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఇది కొద్దిమంది గోడు కాదు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. మరే రాష్ట్రంలోనూ అంత లేదు. అవన్నీ అవసరమా అన్న వాదానికి వేరే లేఖ కావాలి. వెన్నుకు మత్తు ఇచ్చిన బాలింత తొలిసారి మంచం దిగేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఆమెను పక్కకు తిప్పి, కాళ్లు కిందికి వేసి మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, తల తిరగడం లేదని తెలుసుకున్నాక చెయ్యి పట్టుకొని నిలబెట్టాలి. ఇది ఐదు పది నిమిషాల పని. “లేచి నడువమ్మా, ఎంతసేపు పంటవు” అని గుమ్మంలోంచి కేకేసి పోవడం అర నిమిషం పని. కేస్ షీటులో మాత్రం రెండింటికీ ఒకే వాక్యం: రోగిని నడిపించడమైనది.

నడిపించడానికి కారణం అందరికీ తెలిసిందే. కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. గట్టిగా ఊపిరి తీయకపోతే, దగ్గకపోతే కఫం నిలిచి న్యుమోనియాకు దారి తీయవచ్చు. పొట్ట కోసిన మనిషి కుట్లు పిగులుతాయన్న భయంతో దగ్గును బిగబట్టుకుంటాడు. మడతపెట్టిన దుప్పటిని కుట్ల మీద అదిమి పట్టుకొని దగ్గమని ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. కాబట్టి నర్సు చూపించే ఆదరణను అదనపు మర్యాదగా లెక్కవేయడం తప్పు. అది చికిత్సలో భాగం.

నొప్పి సంగతి మరీ అన్యాయం. సున్నా నుంచి పది లోపల నీ నొప్పి ఎంత అని అడగాలని పుస్తకాల్లో ఉంటుంది. బొంబాయి, పూణేల్లో తట్టలు మోసి వచ్చిన మన ముసలివాళ్లకు ఆ అంకెలు పట్టవు. “నొప్పి ఉందా తాతా” అంటే “ఏం లేదు బిడ్డా” అంటారు, ఇంకొకరికి శ్రమ ఇవ్వడం ఎందుకని. రాత్రి నిద్ర పట్టిందా, పక్కకు ఒత్తిగిల్లగలుగుతున్నావా, అన్నం తినబుద్ధవుతుందా అని అడిగితే నిజం బయటపడుతుంది. మర్రిగూడ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మెడ బిగుసుకుపోయిన వారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇతరులను తిప్పినట్లు వారిని ఒక్క ఊపున తిప్పితే కోసిన చోటు కంటే కీళ్ల నొప్పే ఎక్కువ బాధిస్తుంది. డ్రెస్సింగ్ మార్చాకో, నడిపించాకో ఏడిస్తే ఇంజెక్షన్ ఇవ్వడం కాక, ఆ పనికి ముందే డాక్టరు రాసిన నొప్పి మందు పడేలా చూడడం మంచి వార్డు లక్షణం.

పత్యం మరొక చిక్కు. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు పచ్చిగా ఉంటాయని మన ఊళ్లలో గట్టి నమ్మకం. గాయం మానడానికి పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తుల ఆహారమే కావలసిన సమయంలో రోగి చారు మెతుకులతో సరిపెట్టుకుంటుంది. “మీకెన్నిసార్లు చెప్పాలి” అని కసురుకుంటే తల్లీకూతుళ్లు తల ఊపి, ఇంటికి పోయి తమ పద్ధతే పాటిస్తారు.

గత ఏడాది మా ఇంటావిడ గర్భసంచి ఆపరేషన్‌కు ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు రకాల నర్సులనూ చూశాను. ఒకామె రాత్రి రెండు గంటలకు తడిగుడ్డతో పెదవులు తుడిచి, “అవ్వా, ఇంక కొద్దిసేపు ఓర్చుకో, పొద్దున నీళ్లిస్త” అని చెప్పింది. ఇంకొకామెకు మా ఆవిడ పేరే అక్కరలేదు, బెడ్ నంబరుతో పిలిచేది. పనిభారం ఎంత ఉన్నా పెద్దవాళ్లను “ఏయ్” అనడానికి అది సాకు కాదు. అయితే మొదటి ఆమె కూడా ఆ వార్డంతటికీ ఒక్కతే. సెలైన్లు మార్చడం, ఇంజెక్షన్లు, రిజిస్టర్లు, థియేటర్ నుంచి వచ్చే కొత్త కేసులు అన్నీ ఆమె నెత్తినే. జనరల్ వార్డులో ఆరు పడకలకు ఒక నర్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వ సిబ్బంది తనిఖీ విభాగం ఏనాడో చెప్పింది. రాత్రి పూట సర్జికల్ వార్డులోకి వెళ్లి లెక్కపెట్టిన వారికి ఆ నిష్పత్తి ఎక్కడుందో తెలుస్తుంది.

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు నా విన్నపం ఇది. ఆసుపత్రి అభివృద్ధి సంఘం తదుపరి సమావేశంలో సర్జికల్, ప్రసూతి వార్డుల రాత్రి డ్యూటీ పట్టికను ముందు పెట్టి, ఆపరేషన్ అయిన తొలి రెండు రాత్రుల రోగుల కోసం ప్రత్యేకంగా ఒక నర్సును కేటాయించాలి. జ్వరం, బీపీ రాసే పట్టికలోనే నొప్పికీ ఒక గడి ఉంచి, ప్రతి రౌండులో నింపించాలి. డిశ్చార్జి రోజున మందులు, కుట్ల సంగతి, మళ్లీ ఎప్పుడు రావాలన్నది కాగితం చేతిలో పెట్టి పంపకుండా, విన్నది తిరిగి చెప్పించుకోవాలి. దేవరకొండ తండాల నుంచి వచ్చే వారికి లంబాడీ తెలిసిన నర్సింగ్ విద్యార్థినుల చేత చెప్పించవచ్చు, పక్కలు పరిచే పనికంటే వారికీ అది మంచి చదువు. ఔట్‌సోర్సింగ్ నర్సుల జీతాలు నెలనెలా అందేలా చూసే బాధ్యత కూడా ఆ సంఘం నెత్తిన వేసుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా