బెంగళూరు గులాబీ, కావలి ఎండ

కావలి,
కనుమ మరుసటి రోజు.

చిట్టితల్లీ,

ఆదివారం బెంగళూరులో గులాబీల సభకి, పూల పోటీకి వెళ్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఫోన్‌లో అయితే "సరేలేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

పొద్దున్నే హాలు ముందు పడిగాపులు కాయకు. పూలు పెట్టడం అయ్యాక అందర్నీ బయటికి పంపేసి జడ్జీలు మాత్రమే లోపల తిరుగుతారు. ఆలోపు ఉపన్యాసాలుంటే విను. కొన్ని నిద్రపుచ్చుతాయి, తెగుళ్ళ గురించి చెప్పేవి మాత్రం వదలకు.

తలుపులు తీశాక ప్రైజు పువ్వు దగ్గర ఫోటోల గుంపు ఉంటుంది. నువ్వు ప్రైజు రాని వరసలో నిలబడి, ఎందుకు రాలేదో చూడు. హైబ్రిడ్ టీ రకమైతే, అంటే పొడుగు కాడకి పెద్ద పువ్వు పూసేదైతే, కాడకి ఒకే పువ్వుండాలి, సగానికి కాస్త పైగా విచ్చుకుని నడిమి రేకులు నిటారుగా నిలవాలి. అమెరికన్ రోజ్ సొసైటీ లెక్కలో 100 మార్కులకి రూపానికే 25, రంగుకి 20, కాడకీ ఆకులకీ కలిపి ఇంకో 20. సైజుకి పదే! మనమేమో పువ్వెంత పెద్దదని చూస్తాం.

నేనొకసారి పోటీకని ఆరు పూలు బకెట్లో పెట్టుకుని మద్రాసు బస్సెక్కాను. తెల్లవారుజామున మొగ్గలుగానే కోశా. దిగేసరికి వేడికి అయిదు పళ్ళేల్లా పరుచుకున్నాయి. మిగిలిన ఒక్కదాన్నీ జడ్జీలు పక్కన పెట్టేశారు. ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ఆకు పక్కన దాక్కున్న పిల్లమొగ్గని గోటితో చూపించింది. "ఇది బఠాణీ గింజంత కూడా కాకముందే గిల్లేయాలమ్మా" అంది. ఏడుపొచ్చిందిలే. కానీ ఆ గోరు చూపించినంత ఏ పుస్తకమూ నేర్పలేదు.

అసలు సంగతి మొక్కలమ్మే చోట. అక్కడ చూసిందల్లా కొనాలనిపిస్తుంది. బెంగళూరు చల్లదనానికి పూసింది మన ఊళ్ళో మే నెల 44 డిగ్రీలకి పూస్తుందా? పూసినా రేకులు తగ్గి రూపాయి బిళ్ళంత అవుతుంది. "మా నెల్లూరు వైపు ఎండకి ఆగుతుందా?" అని అడుగు. అమ్మేవాళ్ళు అన్నిటికీ ఆగుతుందనే అంటారు. పెంచేవాళ్ళనడుగు. టీ తాగేచోట దొరుకుతారు, ఎన్ని చచ్చాయో కూడా దాచకుండా చెప్తారు.

వీరరాఘవన్ గారి పేరు వినబడితే చెవి అటు పెట్టు. మన రాష్ట్రంలో ఐఏఎస్ చేసి కొడైకెనాల్‌లో స్థిరపడ్డ ఆయన, చలి దేశాల గులాబీలు మన వేడికి సరిపోవని, ఇక్కడి అడవి గులాబీలైన జైగాంటియా, క్లైనోఫిల్లాలతో సంకరం చేసి కొత్తవి పుట్టించారు. ఆ రకాలు ఎవరి దగ్గర అంటు దొరుకుతాయో కనుక్కో.

దొరికితే వేర్ల మట్టి రాలకుండా తడి గోనెలో చుట్టి తీసుకురా. రెండే. మేడ మీద ఇప్పటికే నలభై కుండీలున్నాయి, నాన్నకి ముప్పై అని చెప్పా.

అమ్మ