పొలిటికల్ సైన్స్ పరీక్షల మా ఊరి పంచాయతీకి కూడా మార్కులు పెట్టుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే,

నేను హన్మకొండ జిల్లాల ఒక డిగ్రీ కాలేజీల పొలిటికల్ సైన్స్ చెప్తున్న, గెస్ట్ ఫ్యాకల్టీని, అంటే పీరియడ్ లెక్కన పైసలొచ్చే సార్‌ను. మొన్న 2025 డిసెంబర్‌ల సర్పంచ్ ఎలక్షన్లు మూడు విడతల్లో అయినప్పుడు మా క్లాసులు సగం ఖాళీ, పిల్లలందరు ఊర్లకు పోయిన్రు, మేనమామ నిలబడితే ఒకడు కత్తెర గుర్తుకు తిరిగిండు, ఇంకొకామె పోలింగ్ ఏజెంటుగ కూసున్నది, పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు పోలింగ్ బంద్ అయితే అన్నం తిని మళ్లొచ్చి కౌంటింగ్ కాడ నిలబడ్డరు. మూడేండ్లు క్లాసుల చెప్పినా రాని సమజు వాళ్లకు ఆ నాలుగు రోజుల్ల వచ్చింది. మరి కాలేజీకి తిరిగొచ్చినంక మనం వాళ్లను అడిగే ప్రశ్న ఏంది? "73వ రాజ్యాంగ సవరణ ముఖ్య లక్షణాలను వివరించండి." అంటే పంచాయతీలకు రాజ్యాంగంల జాగ ఇచ్చిన సవరణ. గైడ్‌ల పాయింట్లు ఉంటయి, అవి దించితే మార్కులు పడ్తయి, అంతే.

ఈ ముచ్చట మీ పేపర్‌ల ఎందుకు రాస్తున్ననంటే, యూనివర్సిటీల సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలు పొద్దున చాయ్ తాక్కుంట మీ పేపరే చదువుతరని నా నమ్మకం.

పొలిటికల్ సైన్స్ అంటే మనోళ్లకు రెండే లెక్కలు. ఒకటి, వేరే సీటు దొరకనోడు దోస్త్‌ల, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ల, ఆఖరి ఆప్షన్‌గ పెట్టుకునేది. రెండోది, గ్రూప్-2కు పనికొస్తదని తీసుకునేది. రెండోది తప్పని నేనన, గ్రూప్-2 రెండో పేపర్‌ల పాలిటీ ఉంటది, నాలుగో పేపరంతా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటే, మన పిల్లలు కొలువు కోసం చదవకపోతే ఎట్ల బతుకుతరు. కానీ హన్మకొండల నయీంనగర్, కిషన్‌పుర దిక్కు స్టడీ హాళ్లల్ల కూసున్నోళ్లను చూడండి, ఎంఏ అయిపోయినోడు కూడా రాజ్యాంగాన్ని బిట్లుగనే చదువుతడు. 243డి ఏంది అంటే రిజర్వేషన్లు, 243ఈ ఏంది అంటే అయిదేండ్ల పదవీకాలం, ఏ, బి, సి, డి. అదే 243ఈ వాళ్ల ఊర్లె ఏం అయిందో ఎవ్వరు జోడించరు. పదవీకాలం అయిపోకముందే ఎలక్షన్ పెట్టాలని రాజ్యాంగమే చెప్తుంటే 2019ల గెలిచిన సర్పంచులు 2024 ఫిబ్రవరి మొదట్ల దిగిపోయిన్రు, కొత్తోళ్లు రావటానికి 2025 డిసెంబర్ దాక పట్టింది, నడుమల దాదాపు రెండేండ్లు సర్కారు పెట్టిన స్పెషలాఫీసర్లే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం పైసలు ఆగుతయి, ఆగినయి కూడా, ట్రాక్టర్ డీజిల్‌కు పంచాయతీ సెక్రటరీలు జేబుల కెళ్లి పెట్టుకున్నరని ఊరూరా విన్నదే కదా. ఇది పొలిటికల్ సైన్స్ కాకపోతే మరేంది?

ఇంకో ముచ్చట. ఎలక్షన్ల ముందు మా ఊరి చౌరస్తాల చాయ్ హోటల్ కాడ బీసీ రిజర్వేషన్ల మీద గట్టి పంచాయితే నడిచింది. ఒక పెద్దమనిషి, "తమిళనాడుల 69 శాతం నడుస్తలేదా, మనకు 42 అంటే కోర్టు ఎందుకు అడ్డం పడ్డది, నువ్వు ఎంఏ పొలిటికల్ సైన్స్ కదరా చెప్పు" అని పక్కన కూసున్న పోరన్ని అడిగిండు. ఆ పోరడు ఫోన్‌ల చూసుకుంట, "అది ఇంద్ర సాహ్ని కేసు బాపు, 1992" అన్నడు, రిజర్వేషన్లు మొత్తం 50 శాతం దాటొద్దన్న కేసు అది, ఆడికే అయిపోయింది. బిట్టుకు ఆన్సర్ చెప్పిండు, ప్రశ్నకు చెప్పలే. అసలు సంగతి చూస్తే తమిళనాడు చట్టం చదువులకు, కొలువులకు సంబంధించింది, దాన్ని 1994ల 76వ సవరణతోని, కోర్టుల నుంచి చట్టాలను కాపాడేటందుకు రాజ్యాంగంల ఉన్న తొమ్మిదో షెడ్యూల్‌ల పెట్టించుకున్నరు. మనది లోకల్ బాడీల సంగతి, అది 243డి కిందికి వస్తది, 2010ల కృష్ణమూర్తి కేసుల సుప్రీంకోర్టు, లోకల్ బాడీల్ల వెనుకబాటుతనం మీద వేరేగ లెక్కలు తియ్యుండ్రి, మొత్తం కలిపి 50 దాటొద్దు అన్నది. మన సర్కారు 2025 సెప్టెంబర్‌ల 42 శాతానికి జీవో ఇస్తే అక్టోబర్‌ల హైకోర్టు ఆపింది, చివరికి 50 లోపలనే ఎలక్షన్లు అయినయి. 42 న్యాయమా కాదా అనేది వేరే ముచ్చట, నామటుకు నాకు జనాభాల సగం ఉన్నోళ్లకు ఆ మాత్రం దక్కాలనే ఉన్నది, కానీ ఏ దర్వాజ కాడ ఆగిందో తెలవకపోతే ఏ దర్వాజ కొట్టాలో ఎట్ల తెలుస్తది. అదే ములుగు జిల్లా తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు ఏజెన్సీల సర్పంచ్ కుర్చీలన్నీ ఎస్టీలకే, అక్కడ గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం నడుస్తది, ఆ ఊర్ల పిల్లలు మా క్లాసులల్ల ఉన్నరు, గ్రామసభకు వాళ్ల కాడ ఎంత బలముంటదో వాళ్లకు పుస్తకంల మటుకే తెలుసు.

గందుకే నా డిమాండ్ ఒక్కటే: డిగ్రీల గానీ ఎంఏల గానీ ఒక పేపర్ తీసేసి దాని జాగల ఊరి పంచాయతీ పేపర్ పెట్టుండ్రి. ఒక్కో పిల్ల, ఒక్కో పిలగాడు వాళ్ల ఊరి పంచాయతీని ఒక ఏడాది చూడాలె, గ్రామసభల కూసోవాలె, తీర్మానాల పుస్తకం చదవాలె, రాయాలె. టౌనోళ్లకు వార్డు ఉండనే ఉన్నది. ఇప్పుడు కూడా చానా చోట్ల ఆఖరి సెమిస్టర్‌ల ప్రాజెక్ట్ అని ఒకటి ఉన్నది లెండి, అది ఎట్ల తయారైతదో తెల్వనోళ్లెవరు. కాలేజీ ముంగట జిరాక్స్ సెంటర్‌ల పాత ప్రాజెక్టు ఫైల్ రెడీగ ఉంటది, పేరు, హాల్‌టికెట్ నంబర్ మారుస్తడు, నీలం అట్టేసి స్పైరల్ బైండింగ్ చేస్తడు, "మహిళా సాధికారత - ఒక అధ్యయనం" అని పైన బంగారు అక్షరాలు. లోపల ఒక్క మహిళ పేరుండదు.

అదే మా స్టూడెంట్ ఒకామె, ఎవ్వరు చెప్పకున్నా, మార్కులు రావని తెలిసినా, వాళ్ల ఊరి పాత తీర్మానాలు అడిగి చదివింది. ఆడోళ్లకు మూడోవంతు తగ్గకుండ అని రాజ్యాంగం అంటే మన దగ్గర చట్టంల సగం ఇచ్చిన్రు, అది మంచిదే. పుస్తకంల సర్పంచమ్మ సంతకం ఉన్న పేజీలు చూస్తే కొన్ని కాడ సంతకం, కొన్ని కాడ పేరు రాసినట్టున్నది, రెండు చేతిరాతలు. వార్డు మెంబర్లను అడిగితే, మీటింగుల మాట్లాడేది పెనిమిటేనట, ఆమె పొలం కాడ ఉంటదట. ఆ పిల్ల నాకు చూపెట్టిన నోట్‌బుక్‌ల నాలుగు పేజీలు ఉన్నయి, చేతిరాత కోడిగీతలే, కానీ మహిళా రిజర్వేషన్ల మీద నేను చెప్పిన ఏ పాఠం దానికి సాటి రాదు. అందుల ఒక ప్రశ్న రాసుకున్నది, "సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ ఉన్నప్పుడు ఉపసర్పంచ్ ఎవలని అడగలే?" అని. చెక్ పవర్ అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం. ప్రశ్నాపత్రంల గిట్లాంటి ప్రశ్న ఎప్పుడన్న చూసిన్రా మీరు?

సెక్రటరీలు రికార్డులు చూపెట్టరు సార్ అంటరు. చూపెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది, మన రాష్ట్రంల ఊరి స్థాయిల దరఖాస్తుకు ఫీజు సుత లేదు, 30 రోజుల్ల జవాబియ్యాలె, ఆ దరఖాస్తు రాసుడే ఒక ప్రాక్టికల్ అయితది. ఊర్లె లీడర్లు కొట్లాటకొస్తరు అనేది మాత్రం నిజమే, దాన్ని నేను కొట్టిపారెయ్య, అందుకే పిల్లను ఒక్కదాన్నే తోలొద్దు, కాలేజీ నుంచి లెటర్ ఇయ్యాలె, లెక్చరర్ ఒక్కసారన్న ఎంట పోవాలె, తప్పులెన్నే రిపోర్ట్ అనే పేరు గాకుండ ఊరి పంచాయతీ ఎట్ల నడుస్తది అనే రాయించాలె. ఇగ లెక్చరర్‌కు ఎంట పోయే ఓపిక, బస్ కిరాయి ఎవలిస్తరు అంటరా, పీరియడ్ లెక్కన పైసలిచ్చే కాడ అది అడగవలసిన మాటే, దాని జవాబు నా చేతిల లేదు.

ఇంకొకటి చెప్పి ఆపుత. ఆ 73వ సవరణ పార్లమెంట్‌ల పాసైంది 1992 డిసెంబర్‌ల, అమల్లకొచ్చింది 1993 ఏప్రిల్ 24న. అప్పుడు ప్రధాని మన పీవీ, లక్నేపల్లిల పుట్టి వంగరల పెరిగినాయన. అంతకుముందు 1989ల రాజీవ్‌గాంధీ సర్కారు తెచ్చిన 64వ సవరణ బిల్లు రాజ్యసభల వీగిపోయింది. ఒకటి ఎందుకు ఓడింది, మైనార్టీ సర్కారు నడిపినాయన రెండోదాన్ని ఎట్ల గెలిపిచ్చిండు, రాష్ట్రాలు ఏమన్నయి, ఇది హన్మకొండ పిల్లలకు ఇంటి ముచ్చట లెక్క చెప్పచ్చు, వంగర బస్సెక్కితే పోయేంత దూరం. మా పిల్లలను అడిగితే పీవీ అంటే ఆర్థిక సంస్కరణలు అంటరు, ఎల్‌పీజీ (సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ) అంటరు, పంచాయతీ పేరు ఎవ్వరి నోటెంబడి రాదు, పాపం గైడ్‌ల ఆ లైన్ లేదు మరి.

కొత్త పాలకవర్గాలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నయి, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభలు రెండు నెలలకోసారి పెట్టాలె. సిలబస్ మార్చుడుకు టైమ్ పడ్తదంటే వచ్చే సెమిస్టర్ ఇంటర్నల్ మార్కుల్లోనన్న ఒక్క గ్రామసభ రిపోర్ట్ పెట్టుండ్రి, దానికి ఏ కమిటీ పర్మిషన్ అక్కర్లేదనుకుంట, ఉంటే చెప్పుండ్రి, దరఖాస్తు నేనే రాస్త.

ఇట్లు,
పొలిటికల్ సైన్స్ గెస్ట్ లెక్చరర్,
హన్మకొండ జిల్లా