స్కాన్‌లో గర్భం కనపడనప్పుడు ఆ 48 గంటలు

సంపాదకులకు,

పత్రికల ఆరోగ్య పేజీల్లో ట్యూబు ప్రెగ్నెన్సీ (గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నాటుకోవడం) కథ సాధారణంగా ట్యూబు పగిలి, కడుపులో రక్తం చేరి, హడావిడిగా ఆపరేషన్ చేసే దగ్గర మొదలవుతుంది. అంతకుముందు దశ గురించి రాసేవారు తక్కువ. నెల తప్పింది, కిట్ మీద రెండు గీతలు వచ్చాయి, స్కాన్‌లో మాత్రం గర్భసంచిలోనూ ఏమీ లేదు, ట్యూబుల దగ్గరా ఏమీ లేదు. "రెండు రోజులాగి రండి" అని పంపేస్తారు. ఆ రెండు రోజులూ ఇంట్లో ఏం చేయాలో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చాలామందికి ఎవరూ చెప్పరు.

స్కాన్‌లో కనపడలేదంటే మూడింటిలో ఏదో ఒకటి: మరీ తొలి రోజుల గర్భం, నిలవకుండా పోతున్న గర్భం, సంచి బయట, ఎక్కువగా ట్యూబులో, నాటుకున్న గర్భం. మొత్తం గర్భాల్లో మూడోది 1 నుంచి 2 శాతమే. నెలసరి సరిగా రానివాళ్ల లెక్క వారం, పది రోజులు తప్పడం మామూలే. ఆరో వారం అనుకున్నది నిజానికి నాలుగున్నర వారాలే అయి ఉండొచ్చు. లోపలి నుంచి చేసే స్కాన్‌లోనైనా పిండ తిత్తి దాదాపు 5 వారాలకు గానీ కనపడదు, గుండె చప్పుడు 6 వారాలకు గానీ తెలియదు. ఇక పొట్ట మీద నుంచి చేసిన స్కాన్ ఒక్కటే చూసి ఏదీ తేల్చుకోకూడదు.

అందుకే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. గర్భం వచ్చాక రక్తంలో పెరిగే హార్మోన్ ఎంత ఉందో ఇది చెబుతుంది. ఒకసారి వచ్చిన అంకెతో గర్భం ఎక్కడుందో తెలియదు. 48 గంటల తేడాతో రెండుసార్లు చూడాలి, అదీ ఒకే ల్యాబులో. ల్యాబును బట్టి కొలత మారుతుంది కాబట్టి రెండు చోట్ల చేయించిన అంకెల్ని పోల్చలేం. రక్తం తీసిన టైమ్ కూడా రాసుకోండి. రెట్టింపు కాకపోతే గర్భం పోయినట్టేనని నెట్‌లో చదివి బెంబేలెత్తుతుంటారు. అది నిజం కాదు. మొదటి అంకె 1500 లోపుంటే, నిలిచే గర్భంలో 48 గంటలకు కనీసం 49 శాతం పెరుగుదల ఆశిస్తాం. అంటే 800 ఉన్నది దాదాపు 1200 అయినా ఆశ ఉన్నట్టే. సగానికి పైగా పడిపోతే గర్భం నిలవడం లేదని అర్థం. ఈ రెండింటికీ మధ్య నత్తనడక నడిస్తే ట్యూబు మీద అనుమానం పెరుగుతుంది. అంకె 3500 దాటినా సంచిలో ఏమీ కనపడకపోతే ఇంకా పెరుగుతుంది.

అయితే అంకెను చూసి ధీమాగా ఉండకూడదు. కొన్ని ట్యూబు గర్భాల్లో మొదట్లో మామూలుగానే పెరుగుతుంది. అంకె తక్కువగా ఉన్నా, తగ్గుతున్నా ట్యూబు పగలొచ్చు. ఇంకో చిక్కు: గర్భం నిలవడానికంటూ కొందరు హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకుంటారు. ఆ మందే పరీక్షలో కనపడి లెక్కంతా తారుమారవుతుంది. అలాంటిది వేయించుకుని ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఆ రెండు రోజులూ ఒంటరిగా ఉండొద్దు, ఊరు ప్రయాణాలు పెట్టుకోవద్దు. ఆపరేషన్ థియేటరు, రక్తం దొరికే ఏర్పాటు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే చూసి పెట్టుకోవాలి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం చివర నొప్పి, విరేచనానికి వచ్చినట్టే ఉండి రాకపోవడం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయాలి. కడుపులోకి చేరిన రక్తం కడుపుకీ ఛాతీకీ మధ్య ఉన్న పొరను తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది, సంచి వెనక చేరితే మలద్వారం మీద ఒత్తిడి పడుతుంది. దీన్ని గ్యాసు అనుకుని నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని పడుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మెడికల్ షాపులో అబార్షన్ కిట్ కొని స్కాన్ లేకుండా వేసుకోవడం. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తీయలేవు. సంచి పొర రాలి రక్తస్రావం అవుతుంది, "అయిపోయింది" అనుకుంటారు, ట్యూబులో గర్భం పెరుగుతూనే ఉంటుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారి సంగతి వేరుగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో వివాహితుల్లో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు, కానీ వస్తే ట్యూబులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. "ఆపరేషన్ అయిందిగా" అని నెల తప్పినా పట్టించుకోరు. వాళ్లు అదే రోజు గర్భపరీక్ష కిట్‌తో చూసుకోవాలి.

ట్యూబు గర్భమని తేలి, అంకె తక్కువగా, మనిషి స్థిమితంగా ఉంటే గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. మంచి గర్భం అయ్యే అవకాశం మిగిలి ఉండగా తొందరపడి ఇవ్వకూడదు. ఇచ్చాక ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపాలి. 4వ రోజు, 7వ రోజు బీటా చూడాలి. 4వ రోజు పెరగడం మామూలే. 4 నుంచి 7కి 15 శాతమైనా తగ్గకపోతే మళ్లీ డాక్టరు నిర్ణయం కావాలి. రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. అంకె పూర్తిగా పడిపోయేదాకా పరీక్షలు మానొద్దు, నొప్పి పోయినా సరే.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. సంతోషించాలో ఏడవాలో తెలియని స్థితిలో ఉన్న అమ్మాయిని "ఏం చేశావు, ఏం తిన్నావు, బరువెత్తావా" అని అడగకండి. బరువెత్తడం వల్ల గర్భం ట్యూబులోకి పోదు. ట్యూబు గర్భం వచ్చినవాళ్లలో సగం మందికి ఏ కారణమూ దొరకదు.

"రెండు రోజులాగి రండి" అని పంపే ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, తెలుగులో ఒక చీటీ ఇవ్వాలని కోరుతున్నాం. మళ్లీ ఏ రోజు ఎన్ని గంటలకు రక్తం ఇవ్వాలి, ఏ లక్షణం వస్తే ఆగకూడదు, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఏది. ఈ మూడూ ఉంటే చాలు.

— ప్రసూతి విభాగంలో పనిచేసే కొందరు వైద్యులు, నర్సులు